రాణిగారి భక్తి ఏ పద్దు కింద?



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట గతించినవారి గుణగణాలకు కేటాయించడం ఆచారం. మనం తలచుకుంటున్న మాస్టారికి అది గిట్టేది కాదు. పైగా ఆయన దగ్గర చరిత్ర చదువుకున్నవాళ్ళే ఈ ఎమ్మిగనూరు హాల్లో సగం మంది. మీకు తెలియనిది నేను చెప్పేదేముంది? అందుకని ఆ పావుగంట మిగుల్చుకుని, ఆయన ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు వేసే ఒక ప్రశ్న మీదే మాట్లాడతాను.

చందమామ సీరియల్లో ఒక రాజ్యం ఉందనుకోండి. రాజు పోయాడు, రాణి గద్దెనెక్కింది. ఆమెకు దైవభక్తి కొంచెం కాదు, నిలువెల్లా. గురువు గీసిన గీత దాటదు. తన దేవుడే దేవుడని మనసా వాచా నమ్మింది. ఆ రాజ్యం బాగుపడుతుందా, చెడిపోతుందా?

క్లాసు రెండు వర్గాలయ్యేది. భక్తి ఉన్నచోట ధర్మం ఉంటుందని కొందరు, రాణి పూజలో కూర్చుంటే పాలన ఎవరు చూస్తారని కొందరు. కాసేపు కొట్టుకోనిచ్చి మాస్టారు అడిగేవారు: “ఒరే, ఆ రాజ్యంలో శిస్తు ఎవరు వసూలు చేస్తున్నార్రా?” అంతే, క్లాసు చప్పబడిపోయేది. 1947 జులైలో మొదలైన చందమామను తెలుగు పిల్లలు తరాల తరబడి చదివారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలో మాంత్రికులున్నారు, రాక్షసులున్నారు, రాజకుమారులున్నారు. కరణం మాత్రం కనపడడు. అక్కడ బొక్కసం ఎప్పుడూ నిండే ఉంటుంది, దానం చేసినా తరగదు. అలాంటి రాజ్యంలో రాణి ఎంత భక్తురాలైనా ఒకటే. పూజకయ్యే ఖర్చు ఎవరి చేల మీద పడుతుందో కథలో రాయరు కనుక, మంచిదా చెడ్డదా అన్నది కథకుడి ఇష్టం.

అసలు ప్రశ్న రాణి గురించే ఎందుకన్నది ఇంకో సంగతి. కృష్ణదేవరాయలు తిరుమలకు ఏడుసార్లు వెళ్ళాడని, దేవుడికి కిరీటాలు, బంగారం సమర్పించాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన రాజ్యంలో మన ఆదోని కూడా ఒక గట్టి కోట. అంత భక్తుడు రాజ్యమేలగలడా అని ఎవరూ అడగలేదు. రాజుకు భక్తి ఉంటే పరమ భాగవతుడు, రాణికి ఉంటే గురువు చేతిలో కీలుబొమ్మ. పల్నాటి కథలో శైవం పట్టిన నాగమ్మను మన జనం ఎన్ని మాటలన్నారో చూడండి; ఆమె రాణి కాదు, మంత్రి, అయినా మాటలు తప్పలేదు. కాబట్టి రాణి అన్న మాటను కాసేపు పక్కనపెట్టి, గట్టి మతాభిమానం ఉన్న మనిషి చేతికి కోట వస్తే ఏం జరుగుతుందో మన ఆదోనిలోనే చూద్దాం.

ఆదోని కోటను సిద్ది మసూద్ ఖాన్ ఏలాడు. హబ్షీ వాడు, బిజాపూరు సుల్తానుల కొలువులో పైకొచ్చి కొన్నేళ్ళు ఆ రాజ్యానికే పెద్ద దిక్కుగా ఉన్నవాడు. అక్కడి కుమ్ములాటలతో విసిగి 1683లో తన ఆదోనికే తిరిగి వచ్చేశాడు. ఊళ్ళో జుమ్మా మసీదు ఆయన కట్టించినదే. ఆ రాతిపని చూసినవాళ్ళకు, కట్టించినవాడు ఊరికే డబ్బు పారెయ్యలేదని, ప్రాణం పెట్టాడని తెలుస్తుంది. 1686లో బిజాపూరు, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. 1688లో ఫిరోజ్ జంగ్ ఆదోని మీదికి వచ్చాడు. తర్వాత హైదరాబాదులో నిజాం వంశం మొదలుపెట్టిన ఆసఫ్ జా తండ్రి ఆయనే.

ఇక్కడి నుంచి ఆదోనిలో చెప్పుకునే కథ. ఎంత కొట్టినా కొండ మీది కోట లొంగలేదట. మసూద్ ఖాన్‌కు తన ప్రాణం కన్నా ఆ మసీదు ఎక్కువని ఎవరో మొగలు సేనానికి చెప్పారట. ఆయన ఫిరంగులను కోట మీంచి తిప్పి మసీదుకు గురిపెట్టించాడు. పై నుంచి చూస్తున్న ఖాన్ ఒక్క గుండైనా నిజంగా తగలకముందే కోట తాళాలు ఇచ్చేశాడు. కొట్టేవాడూ ముస్లిమే, మసీదును నిజంగా కూల్చేవాడు కాదన్నది మనం ఇక్కడ కూర్చుని చెప్పుకునే తెలివి. తన మసీదుకు ఫిరంగి గురిపెట్టి ఉండగా ఆయన ఆ లెక్క వేసుకోలేకపోయాడు.

కథ ఎంతవరకు నిజమన్నది అటుంచండి. కోట పోవడం మాత్రం నిజం. మూడు వందల ఏళ్ళకు పైగా ఊరు ఆ పతనానికి ఈ కారణమే చెప్పుకుంటోందంటే, ఊరికి ఒక సంగతి అర్థమైందన్నమాట. భక్తి మనిషిని మొండివాడిని చేస్తుందంటారు కదా, ఇక్కడ మెత్తబరిచింది. ఎక్కడ కొడితే లొంగుతాడో శత్రువుకు తెలిసిపోయింది. ఖాన్‌ను నేను తప్పుపట్టను. కాపాడడానికి బిజాపూరులో సుల్తానే లేడు, కోట ఇవాళ కాకపోతే రేపు పోయేదే. అయితే అదే కోటలో జనం దాచుకున్న ధాన్యం, వాళ్ళ పిల్లలు ఉండి, మసీదా కోటా అన్న ఎంపిక నిజంగా ఎదురై ఉంటే? పాలకుడికి ప్రజలకన్నా ప్రియమైనది ఒకటి ఉందని లోకానికి తెలియడమే ప్రమాదం. అది మసీదే కానక్కర్లేదు, గుడి కావచ్చు, కొడుకు కావచ్చు.

ఆదోని, ఎమ్మిగనూరులను నిజంగా ఏలిన రాణి ఎవరంటే విక్టోరియా అని చెప్పాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. 1858లో కంపెనీ పోయి రాణి వచ్చింది. ఆ నవంబరు 1న వెలువడిన ప్రకటనలో ఆమె తన క్రైస్తవ విశ్వాసాన్ని దాచుకోలేదు. గట్టిగానే చెప్పుకుంది. ఆ వెంటనే, దాన్ని ప్రజల మీద రుద్దే హక్కుగానీ కోరికగానీ తనకు లేవంది. చిత్తుప్రతి మొదట ఆమెకు నచ్చలేదని, దయ, మతసహనం వినిపించేలా తిరగరాయమని ప్రధాని డెర్బీకి చెప్పిందని చరిత్ర. మన మాస్టారి ప్రశ్నకు ఇంతకన్నా చక్కటి జవాబు ఏముంటుందని అనిపిస్తుంది.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు మదరాసు రాజధానిలో అత్యంత ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి, అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలోదే. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా చాటుతున్న రోజుల్లో ఇక్కడ జనం కరువు పనుల్లో రాళ్ళు కొడుతున్నారు. ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మదరాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఇది చావుకూలి అని వాదించాక కొన్ని నెలలకు పెంచారు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే బళ్ళారి జిల్లా జనం పెరగాల్సింది పోయి తగ్గారు. రాణి మతం ఇందులో అడ్డు రాలేదు, సాయపడనూ లేదు. పౌనూ అణా దగ్గర నడిచిన బేరంలో దేవుడి ప్రస్తావనే లేదు. మతం జోలికి రాని ప్రభుత్వం దానంతటదే మంచి ప్రభుత్వమవుతుందనుకునేవాళ్ళు ధాత కరువును ఒకసారి తలచుకోవాలి.

ఇప్పుడు మన రాణి. రుద్రమదేవి ఏలుబడి 1262 నుంచి 1289 వరకు. మతాభిమానం విషయంలో ఆ తల్లి మాస్టారి చందమామ రాణికి ఏం తీసిపోదు. తండ్రి గణపతిదేవుడికి దీక్షనిచ్చిన గురువు విశ్వేశ్వర శంభువు, గోళకీ మఠం శైవాచార్యుడు. తండ్రి నోటిమాటగా ఇచ్చిన మందర గ్రామాన్ని కూతురు వెలగపూడితో కలిపి ఆయనకు ధారపోసి రాయించిన శాసనం 1261 నాటి మల్కాపురం రాతిస్తంభం మీద ఉంది. మందర అంటే నేటి మందడం. వెలగపూడి అంటే మీకు తెలిసిందే, ఇప్పుడు మన సచివాలయం, శాసనసభ ఉన్న ఊరు. మన జీవోలు వెలువడే నేల ఒకప్పుడు ఒక రాణి తన గురువుకిచ్చిన మాన్యం!

అందులో మతం ఎంతుందంటే కావలసినంత ఉంది. శైవ మఠం, శివాలయం, దూరం నుంచి తెచ్చి నిలబెట్టిన బ్రాహ్మణ కుటుంబాలు, కాపలాకు వీరభద్రులు, వీరముష్టులు అనే శైవ భటులు. అయితే చదువుతూ పోతుంటే ఇంకో జాబితా తగులుతుంది. వేదాలు, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పే అధ్యాపకులు. ఒక ఆరోగ్యశాల, దానికి వైద్యుడు. ఆడవాళ్ళ పురుళ్ళకు ప్రసూతిశాల. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలన్న నిబంధన. వీటితో పాటు లెక్కలు రాసే ఒక కాయస్థుడు. పదమూడో శతాబ్దంలో ఒక రాణి ఇచ్చిన గురుదక్షిణతో పురిటిగది నడిచిందన్న సంగతి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా దాటిపోతుంది. నాకు అక్కడ ఆగాలనిపిస్తుంది. ఏ గుర్రం మీదో కత్తి పట్టుకున్న రుద్రమ బొమ్మ కన్నా, ఏ నొప్పుల ఆడమనిషినో బండిలో తీసుకొచ్చి దించుతున్న ఆ గుమ్మం నాకు ఎక్కువ విషయం చెబుతుంది.

అలాగని రాజ్యం గురువుకు అప్పజెప్పిందా? లేదు. దేవగిరి యాదవ మహాదేవుడు ఓరుగల్లు మీదికొస్తే వెళ్ళగొట్టింది. కులం చూడకుండా పనిమంతులను నాయకులుగా ఎత్తింది. చివరికి తన సామంతుడు కాయస్థ అంబదేవుడే తిరగబడ్డాడు; ఆ యుద్ధకాలంలోనే ఆమె కన్నుమూసినట్టు 1289 చందుపట్ల శాసనం తెలుపుతుంది. ఆమె కష్టాలన్నీ సామంతులతో, పొరుగు రాజులతో వచ్చినవి. మఠంతో వచ్చినవి కావు. మఠానికిచ్చినది రెండూళ్ళ ఆదాయం, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో రాతిలో చెక్కారు. భక్తికి పద్దు ఉంది, పద్దుకు హద్దు ఉంది. ఆమె తర్వాత అయిదేళ్ళకు, 1294లో, ప్రతాపరుద్రుడి సేనాని గోన విఠలుడు ఆదోనినీ, దాని పక్క తుంబళాన్నీ గెలిచి, రాయచూరు కోట కట్టించి, ఆ సంగతి పెద్ద బండ మీద తెలుగులో చెక్కించాడు. అలా మన ఆదోని కాకతీయుల లెక్కలోకి ఎక్కింది.

తుంబళం పేరొచ్చింది కాబట్టి ఒక మాట. పెద్దతుంబళం చుట్టుపక్కల జైన విగ్రహాలు ఎన్ని బయటపడ్డాయో మీకు తెలుసు. ఒకప్పుడు ఈ సీమలో జైనం బతికిన మతం. కాకతీయులు కూడా తొలుత జైనాన్ని ఆదరించినవాళ్ళే. శైవం రాజమతమయ్యాక కొత్త మాన్యాలు జైనులవైపు వెళ్ళడం తగ్గిపోయింది. గట్టి భక్తి ఉన్న రాణి రాజ్యంలో ఇతరులకు జరిగే నష్టం చాలాసార్లు ఇలాంటిదే. దానికి శాసనం ఉండదు, ఎందుకంటే ఇవ్వని దానాన్ని ఎవరూ రాతిలో చెక్కించరు.

మధుర నాయకుల ఇంట్లో ఈ ప్రశ్నకు ప్రయోగశాలలో పెట్టి చూపించినంత స్పష్టమైన జవాబుంది. తమిళదేశాన తెలుగు మాట్లాడిన దొరలు వాళ్ళు. 1689లో కొడుకు మశూచితో పోతే, పసిగుడ్డయిన మనవడి పేరు మీద రాణి మంగమ్మ రాజ్యం చేతికి తీసుకుంది. దాదాపు పదిహేనేళ్ళు ఏలింది. దానధర్మాల పిచ్చి ఆమెది. ఆమె గురించి మధుర ప్రాంతంలో ఒక కథ ఉంది: ఒకసారి పరాకున ఎడమచేత్తో తాంబూలం తీసుకుందట. అయ్యో దోషమని తల్లడిల్లి, అది పోవడానికి రాజ్యమంతా బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందట. చాదస్తం కాకపోతే ఏమిటి? కాని ఆ చాదస్తం ఎక్కడికి పోయిందో చూడండి. ఆమె పేరు మోసే బాటలు తమిళనాడులో ఇంకా ఉన్నాయి. మధుర రైల్వేస్టేషను ఎదుట ఆమె సత్రం ఉంది. ఎడమచెయ్యి దోషాన్ని బాటసారులు తీర్చారు.

అదే రాణి 1701లో తిరుచిరాపల్లి నత్తర్ వలీ దర్గాకు ఊళ్ళు రాసిచ్చింది. జెసూట్ పాదిరీలు ఆమె రాజ్యంలో తమను బతకనిస్తున్నారని ఉత్తరాలు రాసుకున్నారు. పక్క రామనాథపురంలో 1693లో వాళ్ళవాడే అయిన జాన్ డి బ్రిట్టో తల తీయించిన కాలమది. యుద్ధం గెలవలేనిచోట మొగలులకు కప్పం కట్టింది, గెలవగలిగినచోట దళవాయి నరసప్పయ్యను పంపింది. ఆమె నమ్మకంలో రాజీ లేదు, పనిలో ఉంది.

మనవడు విజయరంగ చొక్కనాథుడు 1706 నుంచి 1732 వరకు ఏలాడు. అవ్వ కన్నా పెద్ద భక్తుడు. శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం తెలుగు వచనంలో రాశాడు. వచనం బాగుంటుంది, అందులో సందేహం లేదు. శ్రీరంగం గుడిలో కుటుంబంతో సహా ఆయన ప్రతిమలున్నాయి. క్షేత్రం తర్వాత క్షేత్రం తిరుగుతూ నగలూ నాణాలూ గుమ్మరించాడు. తిరిగొచ్చేసరికి ఖజానా ఖాళీ, లెక్కలు మంత్రుల చేతిలో. పిల్లలు లేకుండా పోయాక భార్య మీనాక్షి గద్దెనెక్కింది; ఆర్కాటు నుంచి వచ్చిన చందా సాహెబు ఆమెను నమ్మించి మోసగించాడు, మధుర నాయకుల కథ అక్కడ ముగిసింది. ఒకే ఇల్లు, ఒకే దేవుడు, ఒకే బొక్కసం. అవ్వ మొక్కు జనం నడిచే బాటలుగా తేలింది. మనవడి మొక్కు గర్భగుడి దాటి బయటికి రాలేదు. రాజ్యం ముంచినవాడు రాజు, నిలబెట్టింది రాణి అన్నది మన మొదటి అనుమానానికి జవాబుగా రాసుకోండి.

ఈ ఊరి నేతన్నలకు నచ్చే రాణి ఇంకొకామె ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టి మగ్గానికి అండ చూపించారు. అంతకు నూటయాభై ఏళ్ళ ముందు నర్మద ఒడ్డున మహేశ్వర్‌లో అహల్యాబాయి హోల్కర్ నేతగాళ్ళను రప్పించి స్థిరపరిచింది; మహేశ్వరి చీర అలా పుట్టింది. 1767 నుంచి 1795 దాకా ఏలిన ఆమె ఫర్మానాల మీద సంతకం తన పేరు కాదు, శ్రీశంకర్ అని. ఇంతకు మించిన భక్తి ఏముంది? కాశీ విశ్వనాథుడి గుడితో సహా దేశమంతా ఆమె కట్టించిన గుళ్ళకు, ఘాట్లకు డబ్బు మాత్రం రాజ్యపు శిస్తులోంచి కాదు, ‘ఖాస్గీ’ అనే తన సొంత ఆస్తిలోంచి. తర్వాత కాలంలో ఆ ప్రాంతం చూసిన మాల్కం దొర, ఇంత పట్టుదల గల భక్తురాలికి పరమతద్వేషం ఎలా లేకపోయిందని ఆశ్చర్యపోయాడు. నాకు ఆశ్చర్యం లేదు. దేవుడి ఖర్చు తన సంచిలోంచి పెట్టుకునే మనిషికి పక్కవాడి దేవుడితో పేచీ తక్కువ.

ఇక్కడికి ఉపన్యాసం ముగిస్తే నాకు సుఖంగా ఉండేది. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. స్పెయిన్ ఇసబెల్లా రాణి నా లెక్కనంతా తారుమారు చేస్తుంది. ఖజానా చక్కదిద్దింది. దారిదోపిడీలు అణచడానికి 1476లో ఊరూరా రక్షకదళాలు నడిపించింది. సమర్థులను ఏరి పదవులిచ్చింది. నా పద్దు పరీక్షలో ఆమెకు మంచి మార్కులే వస్తాయి. అదే రాణి 1492లో యూదులను దేశం విడిచి పొమ్మంది. గ్రనడా ముస్లింలు లొంగిపోయినప్పుడు 1491 నవంబరు ఒప్పందంలో వాళ్ళ మసీదులు, వాళ్ళ న్యాయం వాళ్ళకే అని రాసిచ్చారు. పదేళ్ళు తిరిగేసరికి బలవంతపు బాప్తిస్మాలు. 1502లో కాస్టీల్‌లో ముస్లింలకు మిగిలినవి రెండే దారులు, మతం మారడం లేదా ఊరొదలడం. ఇందులో ఖజానాకు కలిసొచ్చిందేమీ లేదు, పనిమంతులు పోయారు. అయినా చేసింది, మనస్ఫూర్తిగా చేసింది. కాబట్టి పద్దు ఒక్కటే చాలదు. తన మతం కానివాడికి రాణి ఇచ్చిన కాగితం, అతని అవసరం తీరిపోయాక కూడా చెల్లుతుందా అన్నది కూడా అడగాలి.

అలాంటి కాగితం ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామాన్ని, నేటి మంత్రాలయాన్ని, రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖానే అని మఠ సంప్రదాయం. స్వామి బృందావన ప్రవేశం 1671లో. ఇచ్చినవాడి కోట 1688లో పోయింది. తర్వాత మొగలులొచ్చారు, నిజాములొచ్చారు, 1786లో టిప్పు వచ్చి ఆదోని కోట పడగొట్టాడు, చివరికి కంపెనీ వచ్చింది. ఇనాములన్నీ తిరగదోడుతున్న కాలంలో కలెక్టరు థామస్ మన్రో మంచాల వెళ్ళాడని, బృందావనం దగ్గర స్వామి ఆయనకొక్కడికే కనిపించి మాట్లాడాడని, ఇనాం కొనసాగించమని మన్రో రాశాడని ఇక్కడ అందరికీ తెలిసిన కథ. మన్రో 1827లో కలరా సోకి మన పత్తికొండలోనే చనిపోయాడు. స్వామి కనిపించాడా లేదా అన్నది భక్తుల విషయం. ఆ సంప్రదాయం, ఈ కథ కలిపి చెప్పేది ఇది: ఒక ముస్లిం దొర హిందూ మఠానికి ఇచ్చిన ఊరును, ఒక క్రైస్తవ దొర చెల్లుతుందని ఒప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ మఠం దేవుడు సొంత దేవుడు కాడు.